ఐసీయూ నుంచి బయటపడ్డాక మనిషి పాత మనిషి కాకపోవడం: ఎందుకు, ఇంట్లో ఏం చేయాలి

అడిగిన సంగతి క్లుప్తంగా ఇది. నాన్నగారికి 56 ఏళ్లు. న్యుమోనియా ముదిరి సెప్సిస్ (ఇన్ఫెక్షన్ విషమించి అవయవాలు దెబ్బతినే స్థితి) అయి 16 రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారు. మధ్యలో మెడ దగ్గర రంధ్రం చేసి ట్యూబు పెట్టారు, మూడుసార్లు డయాలసిస్ చేశారు. ఇంటికొచ్చి ఐదు వారాలైంది. 72 కిలోల మనిషి 59కి దిగారు. చేత్తో పట్టుకోకుండా కుర్చీలోంచి లేవలేరు. గొంతు బొంగురుపోయింది. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేచి, ఆసుపత్రిలో నర్సులు తనను చంపబోయారంటారు. ఎరువుల కొట్టు లెక్కలు తప్పుతున్నారు. రోజుకు 11 మాత్రలు. ఎక్స్‌రే, రక్తపరీక్షలు నార్మల్, "వీక్‌నెస్ అంతే, బాగా తినిపించండి" అన్నారట డాక్టరు. ఇది తగ్గేదేనా, మేమేం చేయాలి అని ప్రశ్న.

చాలావరకు తగ్గుతుంది. కానీ ఇందులో దానంతటదే తగ్గేది కొంత, పని పెట్టుకుని చేస్తేనే తగ్గేది కొంత, వెతికి పట్టుకోకపోతే ప్రాణం మీదకు వచ్చేది కొంత. మూడింటినీ కలిపి వీక్‌నెస్ ఖాతాలో రాసేస్తే మూడోది కనపడకుండా పోతుంది. నా జవాబంతా దాన్ని విడదీయడం గురించే.

మీరు రాసిన లక్షణాలన్నిటికీ కలిపి వైద్యంలో పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్ అని పేరుంది. అమెరికాలోని సొసైటీ ఆఫ్ క్రిటికల్ కేర్ మెడిసిన్ 2010లో జరిపిన సమావేశంలో స్థిరపడి 2012లో అచ్చయింది. ఒంట్లో బలహీనత, జ్ఞాపకశక్తి తగ్గడం, మనసు చెదరడం దీనికి మూడు ముఖాలు. ఊపిరితిత్తులు బాగుపడినా ఈ మూడూ మిగిలిపోవచ్చు. టొరంటోలో ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు వాచి నీరు చేరి ఆక్సిజన్ అందని తీవ్రస్థితి) నుంచి బతికి బయటపడ్డవారిని ఏళ్ల తరబడి వెంబడించి చూశారు. ఏడాదికల్లా ఊపిరితిత్తుల పరీక్షలు దాదాపు మామూలుకొచ్చాయి, కానీ ఆరు నిమిషాల నడకలో వాళ్లు వెళ్లిన దూరం వయసుకు ఉండాల్సిన దాంట్లో 66 శాతమే. పనిలోకి తిరిగి వెళ్లినవాళ్లు సగం మందికి కాస్త తక్కువ. ఐదేళ్లకు కూడా నడక 76 శాతం దగ్గరే ఆగింది. ఎక్స్‌రే నార్మల్ అన్నమాటకు ఉన్న విలువ అంతే.

ఈ వారంలోనే చూడాల్సినవి

మొదటిది గొంతు. వెంటిలేటర్ ట్యూబు గాలిబుడగ శ్వాసనాళం గోడను రోజుల తరబడి ఒత్తుతుంది. అక్కడ పుండు పడి, మానేటప్పుడు మచ్చకట్టి నాళం సన్నబడుతుంది. మెడ దగ్గర రంధ్రం చేసినచోటా ఇదే జరగొచ్చు. చిక్కేమిటంటే ఇది ఆసుపత్రిలో ఉండగా బయటపడదు, వారాలు, ఒక్కోసారి నెలలు గడిచాక మొదలవుతుంది. మెట్లెక్కితే ఆయాసం, తర్వాత నాలుగడుగులకే ఆయాసం, చివరికి కూర్చున్నా ఊపిరి పీల్చేటప్పుడు ఈల వేసినట్టు కీచు శబ్దం. చాలామందికి దీన్ని ఆస్తమా అనుకుని ఇన్‌హేలర్లు రాస్తారు, తగ్గదు. తేడా ఇలా పట్టుకోండి: ఆస్తమా కూత ప్రధానంగా ఊపిరి వదిలేటప్పుడు ఛాతీలో వినిపిస్తుంది, ఇది పీల్చేటప్పుడు మెడ దగ్గర వినిపిస్తుంది. కూర్చున్నప్పుడే ఆ శబ్దం ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, బ్రాంకోస్కోపీ (శ్వాసనాళంలోకి కెమెరా పంపి చూడటం) సౌకర్యం ఉన్న పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి అదే పూట తీసుకెళ్లండి. శబ్దం లేకపోయినా, ఐదు వారాలైనా బొంగురు పోలేదు కాబట్టి ఈఎన్‌టీ డాక్టరు చేత కెమెరాతో స్వరపేటిక చూపించాలి. మంచినీళ్లు తాగితే దగ్గు రావడం, తాగాక మాట తడితడిగా గురగురలాడటం ఉంటే అదీ చెప్పండి. మింగుడు సరిగా లేక తిండి ఊపిరితిత్తుల్లోకి జారుతుంటే రెండో న్యుమోనియాకు దారి వేసినట్టే. తేలేదాకా పడుకోబెట్టి ఏదీ తాగించవద్దు. నిటారుగా కూర్చోబెట్టి చిన్న గుక్కలు ఇవ్వండి, తిన్నాక అరగంట కూర్చోనివ్వండి.

రెండోది మాత్రలు. ఐసీయూలో ఆ పూటకోసం మొదలుపెట్టినవి డిశ్చార్జి కాగితంలోకి ఎక్కి, ఇంట్లో నెలల తరబడి నడుస్తుంటాయి. తరచూ కనిపించేవి: కడుపులో పుండ్లు పడకుండా ఇచ్చిన పాంటాప్రజోల్, ఐసీయూలో పిచ్చిగా మాట్లాడినప్పుడు మొదలుపెట్టిన క్వెటియాపిన్ లేదా హాలోపెరిడాల్, నిద్రకిచ్చిన క్లోనజెపామ్, జ్వరం వేడిలో గుండె లయ తప్పినప్పుడు ఇచ్చిన అమియోడరోన్. వీటిలో మత్తు కలిగించేవే సగం మతిమరుపుకు, తూలి పడటానికి కారణం కావచ్చు. అలాగని మీరే ఆపేయకండి. నిద్రమాత్రలు, స్టెరాయిడ్లు ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం. ప్రతి మాత్రకూ "ఇది ఎందుకు, ఎప్పటిదాకా" అని డాక్టరుతో పెన్నుతో రాయించుకోండి. జవాబు లేని మాత్రను ఎలా తగ్గించాలో ఆయనే చెప్పాలి.

ఇంకో కోణం కూడా ఉంది. పాత బీపీ, షుగరు మాత్రలు 72 కిలోల మనిషికి రాసినవి. ఇప్పుడున్నది 59 కిలోల మనిషి. పడుకుని ఐదు నిమిషాలయ్యాక బీపీ చూడండి, నిలబెట్టి 1 నిమిషానికి, 3 నిమిషాలకు మళ్లీ చూడండి. పై అంకె 20 పడితే బీపీ మందు ఎక్కువవుతున్నట్టు అనుమానించాలి. షుగరు ఉంటే తెల్లవారుజామున చెమటలు, వణుకు వచ్చినప్పుడు నీరసమనుకోకుండా గ్లూకోమీటరుతో చూడండి.

మూడోది కిడ్నీ. డయాలసిస్ దాకా వెళ్లిన కిడ్నీని మూడు నెలలకు మళ్లీ పరీక్షించాల్సిందే, మధ్యలో ఒకసారి చూస్తే ఇంకా మంచిది. ఇక్కడ చాలామంది మోసపోయే సంగతి ఒకటుంది. క్రియాటినిన్ పుట్టేది కండరంలోంచి. కండ పోయిన మనిషికి కిడ్నీ సగమే పనిచేస్తున్నా క్రియాటినిన్ 0.8, 0.9 అని అందంగా కనిపించవచ్చు. అందుకే కండ మీద అంతగా ఆధారపడని సిస్టాటిన్ సి రక్తపరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష అడగండి. కీళ్లు, భుజాలు నొప్పులంటే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి మందుల షాపులో కొని వేయకండి. బలానికని ఇచ్చే భస్మాలు, పేరు తెలియని పొడులు కూడా వద్దు. పారాసెటమాల్ చాలు.

కండరం: అసలు పని ఇక్కడుంది

మంచం మీద పడుకోవడం వల్ల మాత్రమే కండ పోలేదు. సెప్సిస్‌లో ఒళ్లంతా రగిలే వాపు కండరాన్నే కరిగిస్తుంది, దాన్ని నడిపే నరాలనూ దెబ్బతీస్తుంది. 2013లో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో ఐసీయూ రోగుల తొడ ముందు కండరం 10 రోజుల్లో సుమారు 18 శాతం తగ్గిపోయింది. ఒకటికి మించి అవయవాలు దెబ్బతిన్నవాళ్లలో నష్టం ఇంకా ఎక్కువ. మీ నాన్నగారికి 16 రోజులు, ఊపిరితిత్తులు, కిడ్నీ రెండూ. కుర్చీలోంచి లేవలేకపోవడంలో వింతేమీ లేదు.

ఫిజియోథెరపిస్టు చేత చేతుల్లో, కాళ్లలో మొత్తం 12 కండరాల గుంపులకు 0 నుంచి 5 చొప్పున మార్కులు వేయించండి. మొత్తం 60కి 48 లోపు వస్తే ఐసీయూ బలహీనత అని లెక్క. ఈ అంకె నెలనెలా రాసుకుంటే బాగుపడుతున్నదీ లేనిదీ తెలుస్తుంది. రెండు పక్కలా సమానంగా, తొడలు, భుజాల్లో ఎక్కువగా ఉంటే అది ఊహించిన బలహీనతే. ఒక్క కాలి పాదం మాత్రమే పైకి లేవకుండా ఈడుస్తుంటే మోకాలి పక్కన నరం ఒత్తిడికి గురైందని అర్థం. దానికి పాదం పట్టీ, నరాల పరీక్ష కావాలి. చేయి తలపైకి లేవకపోతే భుజం బిగిసి ఉండొచ్చు. బోర్లా పడుకోబెట్టి వైద్యం చేసినవాళ్లలో భుజం నరాలు సాగి దెబ్బతినడమూ ఉంది. వీటికి వేటి వైద్యం వాటికే.

ఇక వ్యాయామం. ఒక్కటే ఎంచుకోమంటే నేను కూర్చుని లేవడాన్నే ఎంచుకుంటాను. బాత్రూమ్‌కు వెళ్లడం, బస్సెక్కడం, కొట్టులో కూర్చుని లేవడం అన్నీ దాని మీదే ఆధారపడతాయి. చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించి పెట్టండి, ప్లాస్టిక్ కుర్చీ వద్దు. మామూలు కుర్చీ ఎత్తు 45 సెంటీమీటర్లు ఉంటుంది. దాని మీద బొంత మడిచి వేసి, చేతి సాయంతో కాస్త కష్టంగా లేవగలిగే ఎత్తు చూసుకోండి. ముందుకు జరిగి అంచు మీద కూర్చోవాలి. పాదాలు మోకాళ్లకంటే కొంచెం వెనక్కి, రెండు పాదాల మధ్య జానెడు దూరం. ముక్కు కాలివేళ్ల మీదుగా వచ్చేదాకా ముందుకు వంగి అప్పుడు లేవాలి. చాలామంది నిటారుగా కూర్చునే లేవబోతారు, వెనక్కి పడతారు. లేచి రెండు లెక్కలు నిలబడి, మూడు లెక్కల్లో మెల్లగా కూర్చోవాలి. కూలబడకూడదు, ఆ దిగే మూడు లెక్కల్లోనే తొడకు పని ఎక్కువ. మొదట 5 సార్లు, రోజుకు మూడు పూటలు. వరసగా రెండు రోజులు 8 సార్లు తేలిగ్గా చేయగలిగితే బొంత ఒక మడత తగ్గించండి. పక్కన మీరు నిలబడండి, కానీ చంకలో చేయివేసి లాగకండి. బలహీనమైన భుజం జారుతుంది, పైగా తొడ పని మీరు చేసినట్టవుతుంది.

నడక రోజుకు ఐదారు విడతలుగా పంచండి. ఒకేసారి అరగంట నడిపించి మర్నాడంతా మంచం మీద ఉంచడం కంటే 3 నిమిషాల చొప్పున ఆరుసార్లు మేలు. కొలత ఏమిటంటే, చేస్తూ మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. ఆపాక 10 నిమిషాల్లో నాడి మామూలుకు రావాలి. మర్నాడు పొద్దున ముందురోజుకంటే ఎక్కువ అలసట ఉంటే నిన్న మోతాదు ఎక్కువైందన్నమాట, ఒక మెట్టు తగ్గించండి. వేలికి పెట్టే ఆక్సిమీటరులో 88 కంటే తగ్గినా, ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం వచ్చినా అక్కడితో ఆపి డాక్టరుకు చెప్పాలి. ఎంత ఎక్కువ చేయిస్తే అంత మేలనుకోవద్దు. ఐసీయూలోనే మరింత ముమ్మరంగా కదిలిస్తే ఏమవుతుందో 2022లో పెద్ద పరీక్ష జరిగింది. అదనంగా లాభం కనిపించలేదు, ఇబ్బందులు మాత్రం పెరిగాయి. రోజూ కొంచెం, వారం వారం ఇంకొంచెం.

నేల మీద కూర్చోబెట్టడం, ఇండియన్ లెట్రిన్ వాడించడం ఇప్పుడే వద్దు. కమోడ్ కుర్చీ తెచ్చుకోండి, గోడకు పట్టుకునే రాడ్ వేయించండి. ఐసీయూ నుంచి బతికొచ్చి బాత్రూమ్‌లో జారి తుంటి విరిగినవాళ్లు తక్కువేం కాదు.

తిండి, పథ్యం, సెలైను

మన ఇళ్లలో జబ్బు చేసి లేచినవాళ్లకు చారన్నం, జావ, ఇడ్లీ. గుడ్డు వేడి, పెరుగు చలువ, పప్పు వాతం. ఈ లెక్కన పోగా మిగిలేదంతా పిండిపదార్థమే. రెండు ఇడ్లీల్లో ఉండే ప్రొటీన్ 4 గ్రాములు. మీ నాన్నగారికి ఇప్పుడు కిలోకు 1.5 గ్రాముల చొప్పున రోజుకు 85 నుంచి 90 గ్రాములు కావాలి. డయాలసిస్ అయింది కదా అని భయపడి ప్రొటీన్ కోసేయకండి, పెట్టొచ్చా అన్నది కిడ్నీ డాక్టరును ఒక్కమాట అడిగి మొదలుపెట్టండి.

ప్రొటీన్ గ్రాముల్లో చూస్తే పొద్దున రెండు గుడ్లు 12, గ్లాసు పాలు 6, పదకొండింటికి గుప్పెడు వేరుశనగ గుళ్లు 7, మధ్యాహ్నం గట్టిపప్పు ఒక కప్పు 7, అన్నం 4, పెరుగు 5, సాయంత్రం పాలలో రెండు చెంచాల పాలపొడి కలిపి 10, రాత్రి రెండు చపాతీలు 6, 100 గ్రాముల కోడిమాంసం 25. మాంసం తినకపోతే పనీరు 100 గ్రాములు 18, మీల్‌మేకర్ 25 గ్రాములు 13, రెండూ పెట్టండి. అంతా కలిపి 80 దాటుతుంది, కావాల్సినదానికి దగ్గరే. ఒక్కపూట ఎక్కువ తినలేరు, రుచి కూడా మారి ఉంటుంది కాబట్టి ఆరు విడతలు చేయండి. వ్యాయామం అయిన గంటలోపు ఒక విడత పడితే బాగుంటుంది. ప్రొటీన్ పొడి డబ్బా కొనాల్సిన పని ఈ తిండి వెళ్లనప్పుడే.

నీరసానికి సెలైను ఎక్కించడం మన ఊళ్లలో మానని అలవాటు. అర లీటరు 5 శాతం డెక్స్‌ట్రోజ్ సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, గ్లాసు పాలలో దీనికంటే శక్తి ఎక్కువ. ఉత్త సెలైను అయితే అర లీటరుకు నాలుగున్నర గ్రాముల ఉప్పు, శక్తి సున్నా. కిడ్నీ ఇంకా తేరుకుంటున్న మనిషికి అది కాళ్ల వాపు, ఆయాసం తెచ్చిపెడుతుంది.

రక్తంలో హిమోగ్లోబిన్, పొటాషియం, మెగ్నీషియం, ఫాస్ఫరస్, బి12, డి విటమిన్, థైరాయిడ్ ఒకసారి చూపించండి. ఇవి తక్కువైతే ఎంత వ్యాయామం చేయించినా బండి ముందుకు కదలదు. జుట్టు రెండు మూడు నెలలకు గుత్తులుగా ఊడుతుంది, గోళ్ల మీద అడ్డగీతలు పడతాయి. అవి పోతాయి, కంగారు వద్దు.

కొట్టు లెక్కలు

ఐసీయూ రోగుల మెదడు మీద 2013లో వచ్చిన అమెరికా అధ్యయనంలో 821 మందిని చేర్చుకున్నారు. మూడు నెలలకు పరీక్షించినవాళ్లలో 40 శాతం మంది మార్కులు మోస్తరు తలగాయం తగిలినవారి స్థాయిలో, 26 శాతం మందివి తొలిదశ అల్జీమర్స్ స్థాయిలో ఉన్నాయి. ఏడాదికి అవి 34, 24 శాతానికి తగ్గాయి. పడుచువాళ్లూ ఇందులో ఉన్నారు, కాబట్టి ఇది వయసు మీద వేసేది కాదు. ఐసీయూలో అయోమయం, అంటే డెలీరియం, ఎన్ని ఎక్కువ రోజులుంటే తర్వాతి నష్టం అంత ఎక్కువగా కనిపించింది.

ఇక్కడ పోయేది ఎక్కువగా పాత జ్ఞాపకం కాదు. ఒకేసారి రెండు విషయాలు మనసులో పట్టి ఉంచడం, వరస తప్పకుండా పని పూర్తిచేయడం, వేగం తగ్గుతాయి. అందుకే మాటల్లో మామూలుగా ఉంటారు, లెక్కల్లో దొరికిపోతారు. న్యూరాలజిస్టు లేదా సైకాలజిస్టు చేత మోకా పరీక్ష (జ్ఞాపకం, ఏకాగ్రత, ఆలోచన చూసే 30 మార్కుల పరీక్ష) తెలుగులో చేయించండి. 30కి 26 లోపు వస్తే అనుమానం, చదువు తక్కువైన వాళ్లకు ఒక మార్కు కలుపుతారు. అంతకుముందు కళ్లజోడు, చెవి మిషన్ ఉంటే పెట్టించండి. రాత్రి నిద్ర, పైన చెప్పిన మత్తు మాత్రలు సరిచేయించండి.

ఆరు నెలలదాకా డబ్బు విషయాల్లో రెండో మనిషి కన్ను ఉండాలి. కొట్టు నుంచి పూర్తిగా తప్పించకండి, అదే ఆయనకు దొరికే మంచి మెదడు వ్యాయామం. పొద్దున ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు 20 నిమిషాలు ఒక పద్దు మాత్రం రాయించండి, రేడియో, ఫోన్లు పక్కన పెట్టి. సాయంత్రం మీరు సరిచూడండి, ఆయన ఎదుట కాదు. యూపీఐ చెల్లింపులకు రోజు పరిమితి పెట్టండి. రిజిస్ట్రేషన్లు, హామీ సంతకాలు ఈలోగా వద్దు. బండి నడపడం కూడా వద్దు, బలం వచ్చినా తక్షణం స్పందించే వేగం ఆలస్యంగా వస్తుంది.

నర్సులు చంపబోయారు అనే మాట

దీన్ని పిచ్చి అనుకోకండి. మత్తుమందు, ఆక్సిజన్ తగ్గడం, నిద్రలేమి మధ్య మెదడు అల్లుకున్న జ్ఞాపకం అది, జరిగిన సంగతికంటే గట్టిగా నిలబడుతుంది. చేతులు కట్టేయడం, గొంతులో ట్యూబుతో కఫం లాగడం నిజంగా జరిగాయి, మనసు వాటి చుట్టూ కథ కట్టుకుంది. "అవన్నీ మర్చిపో నాన్నా" అంటే మాట్లాడటం మానేస్తారు, కలలు మాత్రం మానవు. "అలాంటిదేం జరగలేదు" అని వాదించినా లాభం లేదు.

పనికొచ్చేది, ఆ రోజుల వరస రాసివ్వడం. యూరప్‌లో చాలా ఐసీయూల్లో నర్సులు, కుటుంబం కలిసి రోగి పేర డైరీ రాస్తారు. దీనివల్ల తర్వాతి భయాల జబ్బు తగ్గిందని 2010లో వచ్చిన అధ్యయనం చూపింది. మన దగ్గర ఆ అలవాటు లేకపోయినా కేసుషీటు, మీ ఫోన్‌లోని మెసేజ్‌లు, బిల్లుల తేదీలు చూసి మీరే రాయొచ్చు: "ఫలానా రోజు ట్యూబు వేశారు. నాలుగోరోజు మీరు ట్యూబు పీక్కోబోతే చేతులు కట్టారు. తొమ్మిదోరోజు మెడ దగ్గర రంధ్రం చేశారు. అమ్మ రోజూ సాయంత్రం వచ్చి మీ చేయి పట్టుకుంది." ఆయన అడిగినప్పుడే చదవండి, బలవంతం వద్దు.

బతికినవాళ్లలో ఐదుగురిలో ఒకరికి దగ్గరగా ఈ భయాలు జబ్బు స్థాయిలో ఉంటాయి. దిగులు, ఆందోళన దాదాపు మూడోవంతు మందిలో. నెల దాటినా కలలు ఆగకపోతే, ఆసుపత్రి పేరెత్తితేనే వణుకుతుంటే, తిండి మీద బతుకు మీద విరక్తి మాటలు వస్తే సైకియాట్రిస్టును కలవాలి. దీనికి మాటల చికిత్స, దిగులు మందులు పనిచేస్తాయి, నిద్రమాత్ర చేయదు. డాక్టరు దొరికేలోగా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అడగరు. ఆత్మహత్య మాట వస్తే ఆయన్ను ఒంటరిగా వదలకండి. ఎరువుల కొట్టు ఇల్లు కాబట్టి చెప్తున్నాను, పురుగుమందులు తాళంలో పెట్టండి.

మీ అమ్మగారి సంగతి మీరు రాయలేదు. ఐసీయూ బయట చాప మీద పడుకుని ఫోన్ మోగితే ఉలిక్కిపడ్డ మనిషికి ఇదే జబ్బు ఇంకో రూపంలో వస్తుంది, వైద్యులు దానికీ పేరు పెట్టారు. రాత్రి కాపలా వారానికి రెండు రోజులైనా ఇంకొకరు తీసుకోండి.

మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తాల్సిన గుర్తులు

సెప్సిస్ నుంచి బయటపడ్డవారిలో సుమారు 40 శాతం మంది 90 రోజుల్లో మళ్లీ చేరుతున్నారు, ఎక్కువమంది కొత్త ఇన్ఫెక్షన్‌తోనే. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 22 లేదా అంతకంటే ఎక్కువసార్లు ఊపిరి, పై బీపీ 100 లేదా అంతకంటే తక్కువ, కొత్తగా మాట తడబాటు, అయోమయం, ఈ మూడింట్లో ఏ రెండు కనిపించినా రేపటిదాకా ఆగకండి. జ్వరం 100.4 దాటినా, మూత్రం బాగా తగ్గినా అదే రోజు చూపించండి. ఫ్లూ, న్యూమోకాకల్ టీకాలు ఎప్పుడు వేయించాలో ఈ విజిట్‌లోనే అడగండి.

మొదట ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది మిగిలింది. ఆ ఐసీయూ చూసిన క్రిటికల్ కేర్ డాక్టరు ఓపీ ఉంటే అక్కడికే వెళ్లండి, లేకపోతే మంచి జనరల్ ఫిజీషియన్. డిశ్చార్జి నుంచి 2 నుంచి 4 వారాల్లో ఒకసారి బలం, జ్ఞాపకశక్తి, మనసు ఈ మూడు వైపులా పరీక్షించాలని నిపుణుల సూచన, మీకు ఇప్పటికే దాటింది. వెళ్లేటప్పుడు పట్టుకెళ్లాల్సినవి: డిశ్చార్జి సమ్మరీ, వెంటిలేటర్ రోజులు, ట్యూబు పెట్టిన, తీసిన తేదీలు, స్టెరాయిడ్ ఎన్ని రోజులిచ్చారో, మాత్రలన్నీ ఒక సంచిలో, వారం రోజుల బీపీ, బరువు, కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచారో రాసిన కాగితం. "వీక్‌గా ఉన్నారు" అని మొదలుపెట్టకుండా "ఊపిరి పీల్చేటప్పుడు శబ్దం ఉంది లేదా లేదు, ఐదుసార్లు లేవగలరు, నిలబడితే బీపీ ఇంత పడుతోంది, ఫలానా మాత్ర ఎందుకో తెలియదు" అని మొదలుపెట్టండి, ఆ పది నిమిషాల్లోనే పని జరుగుతుంది.